నిమ్మకాయంత డీజిల్ ఇంజను

మొన్న ఎండాకాలం ఆళ్లగడ్డ నుంచి మా చిన్నాయన కూతురు ఫోను చేసింది. రోడ్డు వెడల్పు చేస్తున్నారని వాళ్ల ఇంటి ముందు భాగం పడగొడుతున్నారట. అటక మీది సామానంతా దించితే పాలపొడి డబ్బా ఒకటి దొరికిందని చెప్పింది.

"లోపల ఏందో ఇనుపది ఉందన్నా. నాయన గుడ్డలో చుట్టి పెట్టినాడు. పాత ఇనుమోడు వచ్చి అడుగుతాండాడు. ఇచ్చేద్దునా?"

"ఇయ్యొద్దు. నేనొస్తాండా."

"ఈ ఎండలో యాడొస్తావ్? రేపు రా."

రేపటిదాకా ఆగే ఓపిక నాకెక్కడిది. నంద్యాల బస్టాండులో దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికి ఆళ్లగడ్డలో దిగాను. ఇల్లు సగం లేదు. మిగిలిన సగంలో చెల్లెలు డబ్బా ముందర పెట్టుకొని కూర్చుని ఉంది. మూత తుప్పుకు బిగుసుకుపోయింది. స్క్రూడ్రైవరు పెట్టి లేపగానే వాసన కొట్టింది. పాతబడి బంకైన ఆముదం, దాని వెనక సన్నగా కిరసనాయిలు. డబ్బా పట్టుకొని నేల మీదే చతికిలబడ్డాను. ఎండదెబ్బ అనుకొని ఆమె మజ్జిగ కలుపుకొచ్చింది. తాగి, డబ్బా చంకన పెట్టుకొని తిరుగు బస్సెక్కాను.

తెలియనివాళ్లకు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అది బొమ్మ విమానాలకు బిగించే డీజిల్ ఇంజను. నిమ్మకాయంత ఉంటుంది. ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. ముందున్న పంకాను వేలితో కొట్టి తిప్పితే, లోపల గాలీ చమురూ కలిసి నలిగి, ఆ నలుగుడు వేడికే అంటుకుంటాయి. ఎంత నలగాలో చూసుకోవడానికి నెత్తిన ఒక మర ఉంటుంది. పిస్టనుకు రింగులుండవు. పిస్టనూ సిలిండరూ ఒకదానిలో ఒకటి ఎంత బిగువుగా కూర్చున్నాయన్నదే దాని ప్రాణం.

ఇంట్లో నాకొక రేకుల షెడ్డు, అందులో ఇనుము చెక్కే ఒక చిన్న లేతు ఉన్నాయి. పాత ఇంజను దొరికితే చాలు, గరుకు కాగితం తీసుకొని తళతళ మెరిసేదాకా గోకి, ఫోటోలు తీసి పెట్టే మొనగాళ్లు ఈ కాలంలో చాలామంది ఉన్నారు. వాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గోకిందల్లా తిరిగి రాదు. నేను మూకుడులో నూనె గోరువెచ్చగా కాచి, అందులో ఇంజను వేసి, గంటకొకసారి పంకాను కొంచెం కొంచెం కదిలిస్తూ కూర్చున్నాను. మూడోరోజు బంక కరిగి ఇరుసు తిరిగింది. మరలు విప్పాను. పిస్టనును నిలబెట్టి దాని మీద సిలిండరు పెడితే, సొంత బరువుకే జర్రున జారి కిందికి దిగిపోయింది. మంచి ఇంజనులో అట్లా దిగదు, పైకొచ్చేసరికి పట్టేస్తుంది. దీనిలో పట్టు లేదు.

ఎందుకు లేదో నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు.

మా చిన్నాయన మిలిట్రీలో విమానాల ఫిట్టరు. చెవి దెబ్బతిన్నదని ఇంటికి పంపించేశారు. వచ్చేటప్పుడు ఒక ఇనుప పెట్టె తెచ్చుకున్నాడు. అందులో నాలుగు చొక్కాలు, ఈ ఇంజను. అక్కడి పిల్లలకు బొమ్మ విమానాలు చేసి ఎగరేస్తే మెచ్చుకొని ఎవరో ఆఫీసరు ఇచ్చాడట. ఆ ఏడు నేను ఎనిమిదో తరగతి తప్పాను. మా నాయన నన్ను నంద్యాలలో కళ్లముందు పెట్టుకొని చూడలేక, ఎండాకాలం సెలవులకు ఆళ్లగడ్డకు తోలేశాడు.

ఆ రెండు నెలలు నేను బతికినట్టు మళ్లీ ఎప్పుడూ బతకలేదు. పెళ్లి బాసికాలు కట్టేవాళ్ల దగ్గర జీలుగు బెండు తెచ్చేవాళ్లం. దాన్ని చీల్చి, ఆరబెట్టి, రెక్కలకు వాసాలు కోసేవాళ్లం. వాటి మీద గాలిపటం కాగితం అతికించి గంజినీళ్లు చల్లితే, ఎండకు అది పలకలాగా బిగుసుకునేది. ఆ గంజి కోసం నేను వంటింట్లో కాపు కాసేవాణ్ణి. చిన్నమ్మ అన్నం వార్చి అటు తిరిగిందా, ముంత మాయం. ఆముదం కథ ఇంకా ఘోరం. చమురులో మూడో వంతు ఆముదమే కావాలి. చిన్నమ్మ తన చంటిబిడ్డ తలకని ఆముదాలు వేయించి, దంచి, కాచి, సీసాలో పోసి పెట్టుకునేది. ఆ చంటిబిడ్డే నాకు ఫోను చేసిన చెల్లెలు. సీసాలో రోజూ వేలెడు తగ్గేది.

"బిడ్డకు వచ్చే వెంట్రుకలన్నీ మీ పిచ్చికే పోతాండాయి," అని చిన్నమ్మ చిన్నాయనను కసిరేది. "రేపు దానికి గుండైతే నీ ఇమానమే పెండ్లి చేసుకుంటాదేమో."

ఆ ఇంటికి వారానికొకసారి నంద్యాల నుంచి ఒక మేస్త్రీ వచ్చేవాడు. ముసల్మాను. బావుల మీద ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఎక్కడ ఇంజను మొరాయించినా ఆయనే రావాలి. పని చూసుకొని మా చిన్నమ్మ చేతి జొన్నరొట్టె, రోట్లో నూరిన చెనిక్కాయల ఊరుబిండి తిని సాయంత్రం బస్సుకు పోయేవాడు. మామిళ్ల కాలంలో బనగానపల్లె కాయలు తువ్వాలలో మూటగట్టి తెచ్చేవాడు. ఆయన వస్తే వసారా అంతా పండ్ల వాసన, గ్రీజు వాసన. మా చిన్నాయనకు ఊళ్లో వేరే స్నేహితుడు లేడు. చెవి సరిగా వినపడని మనిషితో మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది? మేస్త్రీకి ఇంజన్ల పక్కన అరిచి అరిచి గట్టిగా మాట్లాడడమే అలవాటు. అందుకని ఇద్దరికీ బాగా కుదిరింది.

"ఏం మిలిట్రీ, కాలుతాందా నీ పులిపిరికాయ?" అని వస్తూనే అడిగేవాడు.

"నీ దున్నపోతులకంటే మేలే మేస్త్రీ. అవి లేయల్లంటే నలుగురు హ్యాండిలు తిప్పల్ల, ఒకని పన్ను ఊడల్ల."

మేస్త్రీకి ముందుపన్ను నిజంగానే లేదు. హ్యాండిలు ఎదురుతన్ని ఊడిపోయింది.

"పన్ను పోతే పాయ, చేనుకు నీళ్లు పారె గదప్పా. నీదేం పారిస్తాది?"

"గాల్లో పోతాది."

"కాకి గుడా పోతాది. కిరసనాయిలు తాగకుండా."

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆ నవ్వుకు చంటిది లేచి ఏడ్చేది.

ఒకరోజు మేస్త్రీ వెంట నేనొక బావి దగ్గరికి పోయాను. ఇంజను విప్పి, కడిగి, గ్రైండింగ్ పేస్టు అనే బూడిదరంగు ముద్దతో వాల్వులు రుద్ది, మళ్లీ కూర్చి, చక్రాన్ని చేత్తో తిప్పి చూపించాడు. "చూడు అబ్బోడా. ఇంజను వెన్న మాదిరి తిరగల్ల. యాడన్నా పట్టేస్తాందంటే లోపల అడ్డముందని అర్థం. రుద్దల్ల," అన్నాడు. బావుల మీది ఇంజన్ల గురించి ఆ మాట నిజమే. రింగులున్నవాటికి అదే ధర్మం. నంద్యాల వైపు ఇంజను ముట్టుకున్న ప్రతివాడికీ ఆ పాఠమే మొదటిది.

చిన్నాయన ఇంజను వెన్నలాగా తిరిగేది కాదు. పైకొచ్చేసరికి పట్టేసేది. ఎందుకని నేను అడగలేదు. నాకు తెలిసిపోయిందనుకున్నాను.

ఆ నెలలోనే హైస్కూలు కమిటీకి పెద్దగా ఉన్నాయన ఇంటికొచ్చాడు. మడత నలగని పంచె, చేతిలో గొడుగు. విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆదివారం పొద్దున కళ్లంలో ఎగరేసి చూపియ్యప్పా. ఎగిరిందంటే, పిల్లోళ్లకు ఈ పనులు నేర్పీడానికి నిన్ను బళ్లో పెట్టుకుంటాం. ఎగరల్యా, మళ్లీ నా ఇంటికి తిరగొద్దు."

చిన్నాయన వచ్చినప్పటి నుంచి పని లేకుండా ఉన్నాడు. ఆ మాట విన్నాక చిన్నమ్మ ఆయన మిలిట్రీ చొక్కాకు ఊడిన గుండీలన్నీ కుట్టింది. ఆముదం సీసా తనే తెచ్చి ఆయన ముందర పెట్టింది. ఆమె ఆ సీసా పెట్టిన తీరు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

శనివారం చిన్నాయన ఆస్పత్రుల్లో మత్తుకు వాడే ఈథరు కోసం నంద్యాల పోయాడు. ఆ చమురుకు అదీ కావాలి. కంపౌండరు ఒకాయన సీసాలో పోసి బిరడా బిగించి ఇచ్చేవాడు. ఊరికే ఆవిరైపోతుంది కాబట్టి ముందురోజే తెచ్చుకోవాలి. పొద్దున్నే మేస్త్రీ వచ్చాడు. ఆదివారం విమానం చూసిగానీ పోనని చెప్పి, పనిముట్ల సంచి వసారాలో పెట్టి, సైకిలు తీసుకొని పక్కూరికి పోయాడు. చిన్నమ్మ బిడ్డను పడుకోబెడుతూ ఉంది.

నేను సంచి విప్పాను. గ్రైండింగ్ పేస్టు వేలితో ఒక ముద్ద తీసుకున్నాను. చిన్నాయన విప్పడం ఎన్నోసార్లు చూశాను కదా, మరలు అదే వరసలో విప్పాను. పిస్టనుకు పేస్టు పూసి సిలిండరులో పైకీ కిందికీ రుద్దాను. ఎండ వసారా దాటిపోయేదాకా రుద్దాను. కిరసనాయిలుతో కడిగి మళ్లీ కూర్చాను. పంకాను తిప్పితే వెన్న. నా సంతోషానికి మేర లేదు. రేపు విమానం ఎగిరాక, అందరి ముందరా, "నేనే బాగుచేసినా చిన్నాయనా," అని చెప్పాలనుకున్నాను. బడి తప్పిన వెధవనని అందరూ అంటున్న రోజులవి.

ఆదివారం కళ్లం ఊడ్చి నీళ్లు చల్లారు. పది పదిహేనుమంది వచ్చారు. చిన్నాయన చమురు పోసి, మర సరిచేసి, పంకాను వేలితో కొట్టాడు. చప్పుడు లేదు. మళ్లీ కొట్టాడు. మర బిగించాడు, వదిలించాడు, ఇంకా బిగించాడు. ఒకసారి టుప్పుమంది, అంతే. వేలు పగిలి రెక్కల కాగితం మీద రక్తం చుక్కలు పడ్డాయి. ఆయన ఆపలేదు. యాభైసార్లు కొట్టాడో, వందసార్లు కొట్టాడో.

"కోడిపిల్ల తుమ్మినట్లుందే," అన్నారెవరో.

మేస్త్రీ ఒంగి, పంకాను తనూ ఒకసారి తిప్పి చూశాడు. "దీంట్లో బిగువు లేదప్పా. పోయినవారం ఉండె గదా," అన్నాడు. ఆయన మనసులో ఏమీ లేదు. ఉన్నమాట అన్నాడు.

గొడుగు పెద్దాయన గొడుగు విప్పుకున్నాడు. "పదండప్పా, ఎండెక్కుతాంది."

ఇంటికొచ్చాక చిన్నాయన ఇంజను విప్పాడు. చిన్నమ్మ మేస్త్రీకి వసారాలో రొట్టె పెట్టింది. నేను లోపల గదిలో చిన్నాయన పక్కన నిలబడ్డాను. పొగ పోయే రంధ్రం అంచున బూడిదరంగు గీత ఒకటి సన్నగా మిగిలి ఉంది. నేను కడిగింది సరిపోలేదు. ఆయన దాన్ని గోటితో తీసి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది మేస్త్రీ డబ్బాలోది," అన్నాడు. "నేను ల్యానప్పుడు ఆయన దీన్ని తెర్సినాడా?"

నేను తల ఊపాను.

నోటితో ఒక్క మాట కూడా అనలేదు. తల ఊపాను, అంతే. కోర్టులో అయితే అది సాక్ష్యమే కాదంటారేమో.

చిన్నాయన వసారాలోకి పోయాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"మేస్త్రీ, నిన్న ఇంజను తెర్సినావా?"

"నేనా?" అన్నాడు మేస్త్రీ. ఇంకేదో అనబోయి నా వైపు చూశాడు. తలుపు రెక్కను పట్టుకున్న నా చేతిని చూశాడు. గోళ్ల సందుల్లో పేస్టు ఇంకా పోలేదు. ఆ చూపులో కోపం లేదు. ఉండి ఉంటే నాకు బాగుండేది.

"అవునప్పా," అన్నాడు. "పైన పట్టేస్తాంటే రుద్దినా. తప్పయిపాయ."

"ఎవరడిగినారు నిన్ను?"

"ఎవరూ అడగల్యా."

"నా నోటికాడి కూడు తీసినావు గదా మేస్త్రీ. ఇంగ ఈ ఇంటికి రావద్దు."

మేస్త్రీ చేయి కడుక్కున్నాడు. తట్టలో రొట్టె సగం అట్లాగే ఉంది. సంచి భుజాన వేసుకున్నాడు. "వస్తానమ్మా," అని చిన్నమ్మకు చెప్పి వీధిలోకి దిగాడు. చిన్నాయన ఆయన వైపు చూడలేదు.

చిన్నాయనకు బళ్లో ఉద్యోగం రాలేదు. పత్తి జిన్నింగు మిల్లులో బెల్టులు కుట్టే పనికి కుదిరాడు, చివరిదాకా అదే చేశాడు. విమానాల మాట మళ్లీ ఎత్తలేదు. సెలవులయ్యాక మా నాయన నన్ను నంద్యాలలో ఆ మేస్త్రీ షాపులోనే పని నేర్చుకోమన్నాడు. పోనన్నాను. తన్నాడు. అయినా పోలేదు. పాత ఇనుములో దొరికిన విరిగిన లేతును బాగుచేసుకొని, చిరిగిన ఇంగ్లీషు పుస్తకాలకు నిఘంటువు పక్కన పెట్టుకొని, ఎవరి దగ్గరా చేయి చాచకుండా నేర్చుకున్నాను. ఈమధ్య ఒక సంఘంవాళ్లు నన్ను పిలిచి, గురువు లేకుండా ఇంత నేర్చినవాడు ఈ జిల్లాలో లేడని చెప్పి శాలువా కప్పారు. వాళ్ల మీద నాకు ఎంత కోపం వచ్చిందో వాళ్లకు తెలియదు. గురువు లేక కాదు. నాలుగు వీధుల అవతలే ఉండేవాడు. ఆయన మొహం చూసే ధైర్యం లేక.

రింగులు లేని పిస్టను పైన ఎందుకు పట్టేయాలో అట్లాంటి ఒక పుస్తకంలోనే చదివాను. అప్పటికి నాకు పెళ్లయింది. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి, రెండు రోజులు షెడ్డు తలుపు తీయలేదు. చిన్నాయనకు చెప్దామని ఎన్నిసార్లు ఆళ్లగడ్డ బస్సెక్కానో లెక్కలేదు. పోయి, వానల గురించి, పత్తి గురించి మాట్లాడి తిరిగొచ్చేవాణ్ణి. ఆయన పోయాడు. మరుసటేడు మేస్త్రీ పోయాడు. జనాజా మా వీధి ముందునుంచే పోయింది. షెడ్డులో లేతు ఆపి, అది దాటిపోయేదాకా తల దించుకొని నిలబడ్డాను.

ఇప్పుడు ఇంజను నా చేతిలో ఉంది. దాని సందుసందుల్లో ఇంకా ఆముదం బంక. అంటే చిన్నాయన దాన్ని దాచేముందు నిండా ఆముదం పోశాడు. చచ్చిందనుకున్న ఇంజనుకు ఎవరూ నూనె పొయ్యరు.

నాలుగు నెలలు పట్టింది. నేను రుద్ది పాడుచేసిన సిలిండరును రాగి కడ్డీతో, అతి మెత్తని పొడితో మళ్లీ సమం చేశాను. కొత్త పిస్టనుకు పోత ఇనుము కావాలంటే, పాత సామాన్ల కొట్లో ఎప్పటిదో ఆయిల్ ఇంజను సిలిండరు లోపల తొడిగే లైనరు ముక్క దొరికింది. ఆరు పిస్టన్లు పాడుచేశాను. ఈ వయసుకు కన్ను మసకేస్తుంది. ఏడోది పైకొచ్చేసరికి పట్టింది. వేలికి ఆ పట్టు తెలియగానే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఈథరు కోసం మందుల షాపులన్నీ తిరిగాను. కుర్రవాళ్లు నన్ను ఎగాదిగా చూసి, "దేనికి తాతా?" అన్నారు. పీల్చుకుని పడుకోవడానికన్నాను. ఇవ్వలేదు. చివరికి ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే పంతులు నా షెడ్డుకు వచ్చి, ఇంజను చూసి, నమ్మి తెచ్చిచ్చాడు.

ఆళ్లగడ్డకు తీసుకుపోయాను. సగం పడగొట్టిన మొండిగోడ మీద చెక్క పెట్టి, దానికి ఇంజను బిగించాను. చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడింది. పన్నెండోసారికి అంటుకుంది. కీచుమని మొదలై, మర సరిచేసేకొద్దీ గొంతు విప్పింది. ఆ నీలం పొగ, ఆ వాసన. నిమిషమున్నర తిరిగింది. చమురు అయిపోగానే ఆగింది.

"నాయన ఉంటే," అని ఆమె ఏడ్చింది.

అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. ఆమె కళ్లు తుడుచుకుంది.

"ఇదంతా నాకెందుకు చెప్తాండావన్నా?" అంది. "నేను ఉయ్యాల్లో ఉంటి. చెప్పాల్సినోళ్లకు చెప్పల్యా నువ్వు."

ఆమె నన్ను తిట్టలేదు. ఉన్నమాట అంది. మరుసటిరోజు మేస్త్రీ కొడుకు దగ్గరికి పోయాను. నంద్యాలలోనే సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న షాపు. నాకంటే పదేళ్లు చిన్న, తండ్రి ముక్కే. ముఖపరిచయం ఉంది కాబట్టి కూర్చోమన్నాడు. ఆళ్లగడ్డలో వాళ్ల నాయనకున్న స్నేహితుని అన్న కొడుకునని చెప్పాను.

"మా నాయనకు ఆళ్లగడ్డలో దోస్త్ ఉండెనా చాచా?" అన్నాడు. "మాకెప్పుడూ చెప్పలే. ఆ పక్కకు పనికి పిలిస్తే గుడా పోయేటోడు కాదు. బస్సు పడదు, కడుపులో తిప్పుతాది అనేటోడు."

వారం వారం మామిడిపండ్ల మూట ఒళ్లో పెట్టుకొని ఆ బస్సులో వచ్చిన మనిషి. నేను జరిగిందంతా చెప్పాను. పేస్టు, కళ్లం, నేను తల ఊపడం, ఆయన ఒప్పుకొని లేచిపోవడం. అతను చేతిలోని ఫోను పక్కన పెట్టి విన్నాడు. నన్ను క్షమించాననలేదు, పొమ్మని కూడా అనలేదు. ఒక్క మాట అడిగాడు.

"ఆ పొద్దు మా నాయన రొట్టె సగంలో లేచినాడంటివి. మళ్లీ యాడన్నా తిన్నాడా?"

"తెలీదప్పా," అన్నాను.

"ఆయన ఆకలికి ఓర్చుకోలేడు చాచా. చేతులు వణుకుతాయి."

పాడైన ఇంజను గురించి, చిన్నాయనకు పోయిన ఉద్యోగం గురించి, నా అబద్ధం గురించి ఇన్నేళ్లు నాలో నేను కుమిలిపోయాను. ఆ మనిషి నా కోసం ఆ పూట ఆకలితో నంద్యాలకు పోయి ఉంటాడన్నది ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.